హంజలా అంటే చెరువు కాదు, చేదు పుచ్చ

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఈ మధ్యనే పుట్టిన మీ బాబుకు హంజలా అని పేరు పెట్టాలని మీ భార్య ముచ్చటపడుతున్నారు. ఫోనులో దొరికిన ఒక పేర్ల జాబితాలో దానికి ‘చెరువు, నీళ్లు’ అని అర్థం రాసి ఉంది. మీ అమ్మగారికి మాత్రం ఎవరో అది చేదుకాయ పేరని చెప్పారట. పసివాడికి అటువంటి పేరేమిటని ఆవిడ బాధపడుతున్నారు. అసలు అర్థం ఏమిటి, ఈ పేరు మన వైపు ఎందుకు వినబడదు, పెట్టవచ్చా అని మీరు అడిగారు.

ముందే చెప్పేస్తాను. అర్థం విషయంలో మీ అమ్మగారు విన్నదే నిజం. ఆ జాబితా తప్పు. అయితే పేరు పెట్టవచ్చా అనే విషయంలో నేను మీ భార్య పక్షం. ఎందుకో వివరంగా చెబుతాను. ముప్పై ఏళ్లు పిల్లలకు అరబ్బీ పాఠాలు చెప్పినవాడిని, పేర్లంటే నాకు మొదటి నుంచీ ప్రాణం. అందుకని జవాబు కాస్త పొడవైనా ఓపికగా చదవండి.

అరబ్బీలో హంజల్ అంటే ఎడారి ఇసుకలో పాకే ఒక తీగ, దాని కాయ. అది మనకు తెలియని వస్తువేమీ కాదు. తెలుగులో చేదు పుచ్చ అంటాం, పాపర కాయ అంటాం, ఏటి ఒడ్డు ఊళ్లలో ఏటి పుచ్చ అంటాం. ఆయుర్వేదంలో ఇంద్రవారుణి అన్నది ఇదే. మనం ఎండాకాలంలో కోసుకుని తినే పుచ్చకాయకు ఇది సొంత చుట్టం, రెండూ ఒకే కుటుంబం. ఆకులు చూస్తే పుచ్చ తీగే అనుకుంటాం. కాయ మాత్రం నారింజ పండంత ఉంటుంది, ఆకుపచ్చ మీద లేత చారలు ఉంటాయి, పండితే పసుపు రంగుకు తిరుగుతుంది.

నా చిన్నతనం కర్నూలులో గడిచింది. వేసవిలో హంద్రీ ఎండిపోతే ఇసుకలో ఈ తీగలు అక్కడక్కడా కనబడేవి. మేకలు కూడా వాటిని వాసన చూసి పక్కకు తప్పుకునేవి. పదేళ్ల వయసులో ఒకసారి చిన్న పుచ్చకాయ దొరికిందన్న సంబరంతో రాయికేసి కొట్టాను. లోపల ఎర్రటి గుజ్జు లేదు. దూదిలాంటి తెల్లటి బెండు, దానిలో గోధుమరంగు గింజలు. వేలితో తీసి నాలుక చివర పెట్టుకున్నాను, అంతే. వేప ఆకు చేదు నోరు కడుక్కుంటే పోతుంది. ఇది పోలేదు. బెల్లం ముక్క చప్పరించాను, మజ్జిగ తాగాను, రాత్రి అన్నంలో కూడా ఆ చేదే. నానమ్మ నన్ను కూర్చోబెట్టి, మింగలేదు కదా అని పదిసార్లు అడిగింది. ఎందుకు అంత కంగారు పడిందో తరువాత తెలిసింది. ఆ గుజ్జు చాలా తీవ్రమైన విరేచనకారి, మోతాదు మించితే విషం. యునానీ వైద్యంలో దాన్ని ఎండబెట్టి చాలా జాగ్రత్తగా వాడతారు. హకీముల దగ్గర ‘షహ్మె హంజల్’ అని అడిగితే తెల్లటి ఎండు గుజ్జు చూపిస్తారు.

ఇక మాట నిర్మాణానికి వస్తాను. హంజల్ అంటే ఆ జాతి మొత్తం. దానికి చివర ‘ఆ’ చేర్చి హంజలా అంటే అందులో ఒక్క కాయ, ఒక్క తీగ. అరబ్బీలో ఇది మామూలు పద్ధతి. తమ్‌ర్ అంటే ఖర్జూరాలు, తమ్రా అంటే ఒక్క ఖర్జూరం. షజర్ అంటే చెట్లు, షజరా అంటే ఒక్క చెట్టు. అందుకే చివర ‘ఆ’ ఉంది కదా, ఇది ఆడపిల్ల పేరేమో అనుకోకండి. తల్హా, హంజా, ఉసామా, హుజైఫా, ముఆవియా అన్నీ మగవాళ్ల పేర్లే. వీటిలో తల్హా కూడా సరిగ్గా ఇదే తీరు. తల్హ్ అంటే ముళ్ల తుమ్మ జాతి చెట్టు, తల్హా అంటే ఆ చెట్టు ఒక్కటి. పాత నిఘంటుకారులు ఇంకొక మాట కూడా నమోదు చేశారు. ఈ కాయలు ఎక్కువగా తిని జబ్బుపడిన ఒంటెను ‘హజిల్’ అంటారట. ఈ ఒక్క మాట చాలు, ఆ తీగ అరబ్బుల రోజువారీ బతుకులో ఎంతగా కలిసిపోయిందో తెలియడానికి.

ఆ కాయ వాళ్లకు కేవలం చేదు గుర్తు కాదు, కరువు తిండి కూడా. గుజ్జు పారేసి గింజలు తీసి, మళ్లీ మళ్లీ నానబెట్టి, నీళ్లు పారబోసి, ఉడికించి, చేదంతా వదిలాక తినేవారు. ఆ గింజల తిండిని ‘హబీద్’ అంటారు. ఇస్లాముకు ముందు కాలపు మహాకవి ఇమ్రుల్ ఖైస్ తన పేరుమోసిన పద్యం మొదట్లోనే ఈ పని గురించి చెప్పాడు. ప్రియురాలి గుంపు ఒంటెల మీద సామాను కట్టుకుని వెళ్లిపోతున్న ఉదయం, తుమ్మచెట్ల దగ్గర నిలబడిన తాను హంజల్ కాయలు చీల్చేవాడిలా ఉన్నానని అంటాడు. ఆ కాయను గోటితో చీలిస్తే ఆ ఘాటుకు కళ్ల వెంట ధారగా నీళ్లు కారతాయి. ఉల్లిపాయ తరిగే మనిషిని చూసినవాళ్లకు ఈ ఉపమానం ఇట్టే అందుతుంది.

ఈ పద్యం చెబుతున్న రోజు ఒకటి నాకు బాగా గుర్తు. నా తరగతిలో హంజలా అనే కుర్రవాడు ఉండేవాడు. నా ఉద్యోగం మొత్తంలో ఆ పేరు ఉన్నవాళ్లు నాకు ఇద్దరే తగిలారు, అందులో ఇతను మొదటివాడు. పద్యం చివరి మాట చదవగానే తరగతంతా అతని వైపు తిరిగింది. అతను లేచి నిలబడి, "సార్, నా పేరు సహాబీ పేరని మా నాన్న చెప్పారు, ఇక్కడ కాయ అంటున్నారు, ఏది నిజం?" అని అడిగాడు. సహాబీ అంటే ప్రవక్త ముహమ్మద్ సహచరుడు. గొంతులో కాస్త బెరుకు ఉంది. రెండూ నిజమే, ముందు కాయ, తరువాత మనిషి అని చెప్పి, ఆ గంటంతా పాఠం పక్కనపెట్టి ఆ పేరు కథే చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నది కూడా అదే.

చేదుకాయ పేరు కన్నబిడ్డకు ఎందుకు పెట్టారు? ఈ ప్రశ్న అరబ్బులను ఆ రోజుల్లోనే అడిగారు. కొడుకులకు కుక్క, తోడేలు, రాయి వంటి మోటు పేర్లు పెడతారు, బానిసలకేమో శుభం, లాభం, సంతోషం అని ముద్దు పేర్లు పెడతారు, ఎందుకని అడిగితే వాళ్లిచ్చిన జవాబు అరబ్బీ చదివిన ప్రతివాడికీ తెలుసు. కొడుకుల పేర్లు మా శత్రువుల కోసం, బానిసల పేర్లు మా కోసం అన్నారు. యుద్ధంలో పేరు పిలిస్తే ఎదుటివాడి నోరు చేదెక్కాలి. పేర్ల మూలాల మీదే ఒక పెద్ద గ్రంథం రాసిన ఇబ్న్ దురైద్ ఈ సంగతి చెప్పాడు. ఆయన బస్రాలో పుట్టి 933లో బాగ్దాదులో కన్నుమూశాడు. అరబ్బుల పేర్లు అర్థం లేని మోటు పేర్లని వెక్కిరించినవాళ్లకు జవాబుగానే ఆ గ్రంథం రాశాడు. ముర్రా అంటే చేదు. ఆ పేరు గలవాడు సాక్షాత్తు ప్రవక్త ముహమ్మద్ (స, అంటే ఆయనపై శాంతి కలుగుగాక) వారి వంశవృక్షంలోనే ఉన్నాడు. అల్ఖమా అన్నా చేదు మొక్కే. సమురా అంటే ముళ్లచెట్టు. హంజలా ఈ వరుసలోని పేరు. తమీం తెగలో బనూ హంజలా అనే పెద్ద శాఖే ఉండేది. అంటే ఒక తాతగారి చేదు పేరును వేలమంది తరతరాలు గర్వంగా మోశారన్నమాట.

మీ అమ్మగారికి ఇది మన భాషలోనే చెప్పవచ్చు. మన ఊళ్లలో పెంటయ్య, పుల్లయ్య, పిచ్చయ్య అనే పెద్దలు లేరా? పుట్టిన పిల్లలు నిలవని ఇంట్లో బిడ్డను పెంటకుప్ప మీదో ఎంగిలి విస్తరిలోనో పడుకోబెట్టి తీసుకుని, దిష్టి తగలకుండా, మృత్యువు కన్ను పడకుండా ఆ పేర్లు పెట్టేవారు. ఆ పేరు పెట్టిన తల్లికి బిడ్డ మీద ప్రేమ తక్కువా? మనవాళ్లు మృత్యువును ఏమార్చడానికి పెట్టారు, అరబ్బులు శత్రువును బెదిరించడానికి పెట్టారు. కారణాలు వేరు కానీ రెండు చోట్లా పేరు బిడ్డకు కాపలా కాసింది.

ఇప్పుడు మనుషుల సంగతి. హంజలా అనగానే ముస్లిములకు మొదట గుర్తొచ్చేది మదీనాకు చెందిన హంజలా బిన్ అబీ ఆమిర్ (ర, అంటే దైవం ఆయన పట్ల ప్రసన్నుడగుగాక). ఔస్ తెగ యువకుడు. ఆయన తండ్రి అబూ ఆమిర్ ఇస్లాముకు ముందు ముతక బట్టలు కట్టి వైరాగ్యంతో తిరిగినవాడు, జనం ఆయనను రాహిబ్, అంటే సన్యాసి అనేవారు. ప్రవక్త మదీనాకు వచ్చాక ఆ తండ్రి ఇమడలేక మక్కాకు వెళ్లిపోయి, అక్కడ ప్రవక్తను ఎదిరిస్తున్న ఖురైషు తెగవాళ్లతో చేరాడు. హంజలాకు పెళ్లి కుదిరింది జమీలాతో. ఆమె తండ్రి అబ్దుల్లా బిన్ ఉబై, పైకి విశ్వాసి, లోపల కాదు. అంటే తండ్రి ఒక దారి, మామ ఇంకొక దారి, తాను మూడో దారి.

హిజ్రీ 3వ సంవత్సరం శవ్వాల్ మాసం, అంటే 625వ సంవత్సరం. ఉహుద్ యుద్ధానికి ముందు రాత్రి హంజలాకు శోభనపు రాత్రి. తెల్లవారుతూనే యుద్ధానికి పిలుపు వినబడింది. భార్యాభర్తల కలయిక తరువాత చేయవలసిన స్నానం కూడా చేయకుండా కత్తి పట్టుకుని పరుగెత్తాడు. ఆ దారిలోనే ఆయన మామ మూడువందల మందిని వెంటబెట్టుకుని యుద్ధం వద్దని వెనక్కి తిరిగిపోయాడు. ఎదురుగా శత్రువుల వరుసలో ఆయన కన్నతండ్రి నిలబడి, ఔస్ తెగవారిని తనవైపు రమ్మని పిలుస్తున్నాడు. తెగవాళ్లు ఆయనను తిట్టి పంపారు. హంజలా నేరుగా ఖురైషుల సేనాని అబూ సుఫ్యాన్ మీదికి వెళ్లి, కత్తి ఎత్తిన క్షణంలో షద్దాద్ బిన్ అల్‌అస్వద్ అనేవాడు అడ్డం వచ్చి పొడిచి చంపాడు. సీరత్, అంటే ప్రవక్త జీవితచరిత్ర, కథనాల్లో ఆ తరువాతి ఘట్టం ఇలా ఉంటుంది. దేవదూతలు ఆకాశానికీ భూమికీ నడుమ హంజలాకు స్నానం చేయిస్తున్నారని, అతని సంగతేమిటో ఇంటివాళ్లను అడగమని ప్రవక్త అన్నారు. జమీలాను అడిగితే, స్నానం చేయకుండానే వెళ్లాడని చెప్పింది. వెళ్లి చూసినవాళ్లకు ఆయన తల నుంచి నీటి చుక్కలు కారుతూ కనబడ్డాయట. ఆ రోజు నుంచి ఆయన బిరుదు ‘గసీలుల్ మలాయికా’, దేవదూతలు స్నానం చేయించినవాడు. ఆయన సంతతివారిని తరతరాల తరువాత కూడా ‘గసీల్ వంశీకుడు’ అనే పిలిచారు. ఔస్ తెగవాళ్లు తమ గొప్పలు చెప్పుకునేటప్పుడు ఈ పేరు తప్పకుండా వినిపించేది.

ఆ ఒక్క రాత్రి కాపురానికి ఒక బిడ్డ పుట్టాడు, అబ్దుల్లా. తండ్రి ముఖం చూడని ఆ బిడ్డ పెద్దవాడై 683లో, ఖలీఫా యజీద్ పాలనకు ఎదురుతిరిగిన మదీనా వాసులకు నాయకత్వం వహించి, హర్రా యుద్ధంలో కొడుకులతో సహా ప్రాణాలిచ్చాడు. పేరులో చేదు ఉన్న మనిషి బతుకులో ఎంత చేదు ఉందో, దాన్ని ఆ కుటుంబం ఎలా మింగిందో చూడండి. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోతుంది.

రెండో హంజలా కథ ఇంతకంటే నిశ్శబ్దమైనది. నాకు ఇతనే ఇంకాస్త దగ్గరివాడు. ప్రవక్త లేఖకుల్లో ఒకరైన హంజలా అల్‌ఉసైయిదీ (ర). ఒకరోజు దారిలో ప్రవక్త ఆప్తమిత్రుడు అబూబక్ర్ (ర) ఎదురై, ఎలా ఉన్నావు హంజలా అని పలకరిస్తే, "హంజలా కపటి అయిపోయాడు" అన్నాడు. అదేం మాట అంటే, మనసులో ఉన్నది చెప్పాడు. ప్రవక్త దగ్గర కూర్చుని స్వర్గనరకాల మాటలు వింటుంటే కళ్లారా చూస్తున్నట్టే ఉంటుంది, ఇంటికి రాగానే పెళ్లాం, పిల్లలు, పొలం పనుల్లో పడి చాలా మరిచిపోతాం, ఇది కపటం కాదా అని. నా పరిస్థితీ అంతే అన్నాడు అబూబక్ర్. ఇద్దరూ కలిసి వెళ్లి చెప్పుకున్నారు. నా దగ్గర ఉన్నప్పటి స్థితిలోనే మీరు ఎప్పుడూ ఉండగలిగితే దేవదూతలు మీ పడకల దగ్గరా మీ దారుల్లోనూ మీతో కరచాలనం చేసేవారు, కానీ ఓ హంజలా, ఒక ఘడియ అలా, ఒక ఘడియ ఇలా అని ప్రవక్త మూడుసార్లు అన్నారు. ప్రవక్త మాటలను, చేతలను పొందుపరిచిన హదీసుల సంకలనం సహీహ్ ముస్లింలో ఇది ఉంది. ఇల్లు, వాకిలి, పిల్లాజెల్లా ఉన్న మామూలు మనిషికి ఇంతకంటే ఊరటనిచ్చే మాట నాకు తెలియదు. దీనిలో మీ ప్రశ్నకు కావలసిన ఆధారం కూడా ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మిగిలినవాళ్లను క్లుప్తంగా చెబుతాను. అబూ సుఫ్యాన్ కొడుకు ఒకడు హంజలానే, 624లో బద్ర్ యుద్ధంలో శత్రుపక్షాన చనిపోయాడు. మరుసటి ఏడు ఉహుద్‌లో మదీనా హంజలా పడిపోయాక, హంజలాకు హంజలా చెల్లు అని అబూ సుఫ్యాన్ అన్నట్టు చరిత్ర కథనాల్లో ఉంది. రెండు వైపులా అదే పేరు ఉందంటే, ఆ రోజుల్లో అది అరుదైన పేరేమీ కాదని తెలుస్తుంది. ఉమయ్యద్ ఖలీఫాల కాలంలో ఉత్తర ఆఫ్రికాను ఏలిన హంజలా బిన్ సఫ్వాన్ 742లో బర్బరుల తిరుగుబాటు నుంచి కైరవాన్ నగరాన్ని కాపాడాడు. తొమ్మిదో శతాబ్దంలో, ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బాద్గీస్ ప్రాంతం నుంచి వచ్చిన హంజలా బాద్గీసీ పారశీ భాషలో మొట్టమొదటి కవుల్లో ఒకడు. అతని రెండు పాదాలు చదివి గాడిదలు కాసుకునే ఒక మనిషి ఖురాసాన్‌కు ప్రభువయ్యాడని ఒక కథ చెబుతారు. పెత్తనం సింహం నోట్లో ఉన్నా సరే, వెళ్లి అక్కడి నుంచే తెచ్చుకో అని ఆ పద్యం భావం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పేరును ప్రపంచమంతా చూసేలా చేసినవాడు పాలస్తీనా కార్టూనిస్టు నాజీ అల్ అలీ. గలిలీ ప్రాంతంలో ఆయన పుట్టిన ఊరి పేరు అష్షజరా, అంటే ఒక్క చెట్టు. పైన చెప్పిన వ్యాకరణమే. 1948లో ఆ ఊరు వదిలి లెబనానులోని ఐన్ అల్ హిల్వే శరణార్థి శిబిరానికి చేరినప్పుడు ఆయనకు పదేళ్లు. 1969లో కువైట్‌లోని అస్సియాసా పత్రికలో ఆయన ఒక పదేళ్ల పిల్లవాడి బొమ్మ వేయడం మొదలుపెట్టి వాడికి హంజలా అని పేరు పెట్టాడు. ఇంగ్లీషులో ఆ బొమ్మ పేరు హందాలా అని కనబడుతుంది. చెప్పులు లేని కాళ్లు, అతుకుల బట్టలు, ముళ్లలా నిక్కిన నాలుగు వెంట్రుకలు. 1973 తరువాత వాడు చేతులు వెనక్కి కట్టుకుని మనకు వీపు చూపిస్తూ నిలబడతాడు. సొంత ఊరికి తిరిగి వెళ్లేదాకా వాడి వయసు పెరగదని ఆయన చెప్పాడు. 1987 జులై 22న లండన్ వీధిలో ఆయనను కాల్చారు, ఆగస్టు 29న చనిపోయాడు. బొమ్మ మాత్రం గోడల మీద, మెడ గొలుసుల్లో, జెండాల మీద ఇంకా నిలబడే ఉంది. ఆ పిల్లవాడికి ఆ తీగ పేరే ఎందుకంటే, ఎంత కోసినా లోతైన వేరు నుంచి అది మళ్లీ చిగురిస్తుంది. మా హంద్రీ ఇసుకలో నేను పీకి చూశాను, పైన జానెడు తీగ ఉంటే కింద వేరుకు అంతు దొరకలేదు.

ఇంత చరిత్ర ఉన్న పేరు ఎందుకు అరుదు? నాకు అర్థమైనది చెబుతాను. అరబ్బీ ఇంటిభాష అయిన చోట హంజల్ అనే మాట రోజూ వాడుకలో ఉంది. ఎవరైనా కష్టం గురించి చెబుతూ హంజల్ కంటే చేదు అంటారు. బడిలో తోటి పిల్లలకు అర్థం వెంటనే తెలిసిపోతుంది. అందుకని గల్ఫ్‌లోనూ సిరియా, ఈజిప్టుల వైపూ తల్లిదండ్రులు తల్హా వరకు వస్తారు కానీ హంజలా దగ్గర ఆగిపోతారు. ఉర్దూ మాట్లాడే చోట చేదుకాయ అనే అర్థం ఎవరికీ వినబడదు, దేవదూతలు స్నానం చేయించిన మనిషి మాత్రమే వినబడతాడు. అందువల్ల పాకిస్తాన్‌లో ఈ పేరు తరచుగానే కనబడుతుంది. అర్థం తెలిసిన చోట పేరు తగ్గింది, మనిషి కథ మాత్రమే తెలిసిన చోట పెరిగింది.

తెలుగు నేల సంగతి వేరు. ఇక్కడ ముస్లిముల పేర్లు ఎక్కువగా దర్గాల చుట్టూ అల్లుకున్నాయి. దస్తగిరి, మస్తాన్ వలీ, ఖాజా, నాగుల్ మీరా, మహబూబ్ బాషా వంటివి ఊరూరా ఉన్నాయి. దస్తగిరి, మస్తానయ్య అనే పేర్లు హిందువుల ఇళ్లలో కూడా పెట్టుకున్నారు. దస్తగీర్ అంటే చేయి పట్టుకుని నడిపించేవాడు, బాగ్దాదు సూఫీ అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదు. మొక్కుకుని పెట్టుకున్న పేర్లు ఇవి, గ్రంథాల్లో వెతికి పెట్టినవి కావు. ఇటీవలే మన ఇళ్లలో సహాబాల పేర్లు చదివి ఎంచుకోవడం మొదలైంది. అందులోనూ హంజలా దాకా వచ్చేవాళ్లు తక్కువ. నాకు తగిలిన ఇద్దరు హంజలాల్లో రెండోవాడు కూడా హైదరాబాదు నుంచి వచ్చినవాడే.

ఆ ‘చెరువు’ అర్థం గురించి ఒక్క మాట. పేర్ల జాబితాలు ఒకదాని నుంచి ఒకటి దించుకుంటాయి, ఒకచోట పడిన తప్పు అన్నిచోట్లా మొలుస్తుంది. ఈ పేరు చుట్టూ నీళ్ల కథలు ఉన్నాయి, నిజమే. ఒకటి దేవదూతల స్నానం. రెండోది ఖుర్‌ఆన్‌లో పేర్కొన్న ‘అర్రస్’ ప్రజల కథ. రస్ అంటే బావి, ఆ ప్రజల దగ్గరికి వచ్చిన ప్రవక్త పేరు హంజలా అని కొందరు వ్యాఖ్యాతలు రాశారు. కానీ కథలో నీళ్లున్నంత మాత్రాన మాటకు నీళ్లనే అర్థం రాదు. బాబు పెద్దవాడై అడిగితే చెరువని చెప్పకండి. నిజమైన అర్థమే చెప్పండి, ఇంత మంచి కథను దాచవలసిన పని లేదు.

ఇక మీ అమ్మగారి బాధ. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, చెడ్డ అర్థం ఉన్న పేరు పెట్టకూడదనే ఆవిడ ఆలోచన ధర్మం ప్రకారం సరైనదే. ప్రవక్త చాలామంది పేర్లు మార్చారు. ఆసియా, అంటే అవిధేయురాలు, అనే పేరున్న ఒక ఆమెకు జమీలా అని పెట్టారు (ఆసియా అనే ఇంకొక పేరు వేరే అక్షరాలతో ఉంది, అది మంచి పేరే, కంగారు పడకండి). హజ్‌న్, అంటే కరకు నేల, అనే పేరు గల ఒకాయనను సహ్‌ల్, అంటే మెత్తని నేల, అని మార్చుకోమన్నారు. ఆయన మా నాన్న పెట్టిన పేరు మార్చుకోనన్నాడు. ఆ కరకుతనం మా వంశంలో ఇంకా పోలేదని ఆయన మనవడు, పెద్ద పండితుడు సయీద్ బిన్ అల్‌ముసయ్యబ్ చెప్పుకున్నాడు. పేర్ల విషయంలో అంత పట్టింపు ఉన్న ప్రవక్త తన సొంత లేఖకుణ్ణి ‘ఓ హంజలా’ అనే మూడుసార్లు పిలిచారు. నేను ఇందాక ఆధారం ఉందన్నది ఇదే. చేదు రుచి, అవిధేయత ఒకటి కావు. ఒకటి దేవుడు సృష్టించిన తీగ గుణం, రెండోది మనిషి తప్పు.

ఖుర్‌ఆన్ చదవని కపటిని హంజలా కాయతో పోల్చిన హదీసు ఒకటి ఉంది, వాసనా లేదు, రుచీ చేదే అని. ఎవరైనా మీ అమ్మగారికి అది వినిపించవచ్చు, అందుకే ముందే చెబుతున్నాను. అది కాయ గురించిన పోలిక, పేరు గురించిన తీర్పు కాదు. అరబ్బీ సంప్రదాయంలోనే దీనికి ఎదురుగా ఇంకొక గొంతు ఉంది. వీరకవి అంతరా పేరుతో జనం నోళ్లలో నానే పద్యం ఒకటి ఉంది. అవమానంతో ఇచ్చే అమృతం నాకు వద్దు, గౌరవంతో ఇస్తే హంజల్ రసమైనా తాగుతాను అని దాని సారం. ఆ కవి మాటలోనే ఈ పేరు ఎందుకు పెట్టారో కూడా ఉంది.

పెట్టాలని నిశ్చయించుకుంటే రాత విషయంలో కొన్ని జాగ్రత్తలు. ఉర్దూలో ‘జ’కు దగ్గరి ధ్వని ఉన్న అక్షరాలు నాలుగున్నాయి, జాల్, జే, జ్వాద్, జోయ్. ఇందులో రాయవలసింది జోయ్. మొదటి అక్షరం బడీ హే, చివరిది ఛోటీ హే. అఖీఖా, అంటే బిడ్డ పుట్టాక చేసే వేడుక, కార్డు అచ్చు వేయించేటప్పుడు ఇవి తప్పు పడుతుంటాయి, నమూనా కాగితం మీరే చూసుకోండి. తెలుగులో హంజలా అని రాస్తే చాలు. జల్లెడ, జడ అనేటప్పుడు మనం పలికే దంత్య జ ఆ ధ్వనికి బాగా దగ్గర, జనవరిలోని జ కాదు. మధ్యలో ‘జ’ మీద అచ్చు మింగేసి హంజ్లా అని రాయకండి, జనన ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంటే తరువాత పిల్లవాడికి తిప్పలు. మొదటి నుంచీ ఒకే రాత పట్టుకోండి.

ఇంకొక చిన్న విషయం, మన వైపు మాత్రమే వచ్చేది. హ సరిగా పలకకపోతే చుట్టుపక్కలవాళ్ల చెవికి ఇది ‘అంజలి’లా వినబడుతుంది. నా తరగతిలోని ఆ మొదటి హంజలాకు హాజరు పిలిచేటప్పుడు కొత్తగా వచ్చిన ఒక ఉపాధ్యాయుడు అలాగే పిలిచి, అమ్మాయి కోసం తరగతంతా చూశాడు. ముహమ్మద్ హంజలా అని రెండు మాటల పేరుగా నమోదు చేయిస్తే ఈ గందరగోళం చాలావరకు తప్పుతుంది. ఇంట్లో పిలవడానికి మీ అమ్మగారికి నచ్చిన ముద్దుపేరు ఒకటి ఆవిడనే పెట్టమనండి. ప్రవక్త కూడా పిల్లలను ముద్దుపేర్లతో పిలిచారు. ఆయన దగ్గర పెరిగిన అనస్ (ర) చిన్నతనంలో ఒక ఆకుకూర కోస్తుంటే చూసి, ఆ కూర పేరు మీదే అబూ హంజా అని పిలిచారు.

ఆవిడ అప్పటికీ ఒప్పుకోకపోతే పంతం పట్టకండి, తల్హా ఉంది, అదీ చెట్టు పేరే, అదీ గొప్ప సహాబీదే. కానీ ముందు ఒక సాయంత్రం ఆవిడ పక్కన కూర్చుని, పెళ్లైన మర్నాడు స్నానం కూడా చేయకుండా వెళ్లిపోయిన ఆ అబ్బాయి కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. జమీలా సంగతి, ఆమె కడుపున పుట్టిన బిడ్డ సంగతి వదలకుండా చెప్పండి. ఏమన్నారో నాకు రాయండి.